మా వదిన కొన్న స్విచ్చి

మా ఊరి రైల్వే స్టేషనుకి మా ఊరి పేరు లేదు. ఆమదాలవలసలో దిగినవాళ్ళకి బోర్డు మీద కనిపించేది 'శ్రీకాకుళం రోడ్'. శ్రీకాకుళం వెళ్ళేవాళ్ళంతా మా ఊళ్ళో దిగి, మా ఊరి వైపు కన్నెత్తయినా చూడకుండా బస్సెక్కి వెళ్ళిపోతారు. చిన్నప్పుడు నాకిది పెద్ద అవమానంగా ఉండేది. మధ్యలో నిలబడి ఎవరిని చేరవలసిన చోటికి వాళ్ళని చేరవేసేవాళ్ళ పేరు ఎవరూ అడగరని ఈమధ్యనే తెలిసొచ్చింది. తెలియజెప్పింది ఓ ఇనప డబ్బా.

ఆ డబ్బాని స్విచ్చి అంటారు. లైటు వేసే స్విచ్చి కాదు. పది కంప్యూటర్లున్న చోట వాటి తీగలన్నీ వచ్చి గుచ్చుకునే డబ్బా. బ్యాంకుల్లో, ఆసుపత్రుల్లో గోడమూల చిన్న చిన్న పచ్చదీపాలు మిణుకు మిణుకుమంటూ మీరూ చూసే ఉంటారు.

మా అన్నయ్య పోయాక వదిన వీధివైపు రెండు గదులూ కలిపేసి కంప్యూటర్ సెంటరు పెట్టింది. ఇరవై రెండు కంప్యూటర్లు. చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలు వచ్చి నేర్చుకుంటారు, ఉద్యోగాలకి దరఖాస్తులు పెట్టుకుంటారు. కిందటేడు ఓ దరఖాస్తుకి ఆఖరి రోజు సాయంత్రం ఆరింటికి మొత్తం ఇరవై రెండూ ఒక్కసారిగా బిగుసుకుపోయాయి. దీపాలు మాత్రం పిచ్చెత్తినట్టు కొట్టుకుంటున్నాయి. లైను పోయిందనుకుని వదిన ఫోన్ల మీద ఫోన్లు చేసింది. లైను బాగానే ఉందన్నారు. ఎనిమిదయింది. నలుగురు పిల్లలు మిగిలిపోయారు. ముగ్గురు ఆటో కట్టించుకుని శ్రీకాకుళం పరుగెత్తి పని ముగించుకున్నారు. నాలుగో అమ్మాయిని వాళ్ళ నాన్న వచ్చి తీసుకెళ్ళిపోయాడు. రాత్రిపూట ఆటోలో శ్రీకాకుళమా అని. ఆ పిల్ల ఏడవలేదు. సంచీ సర్దుకుని "వస్తానండీ మేడం" అని వెళ్ళిపోయింది. వదిన ఆ మాటే తలుచుకుని నాలుగు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

కారణం మర్నాడు తెలిసింది. ఊడ్చే మనిషికి ఓ తీగ కొస వేలాడుతూ కనిపించిందట. "ఏలాడుతుంటే ఎవలైనా తన్నుకుని పడిపోతారని కాలీ కన్నంలో పెట్టీసినానమ్మా. తప్పేటి?" అంది. తప్పేమీ లేదు. పొందికైన మనిషి. కాకపోతే ఆ తీగ రెండో కొస కూడా ఆ డబ్బాలోనే ఉంది. డబ్బాలోంచి బయల్దేరిన కబురు ఆ తీగలో తిరిగి మళ్ళీ డబ్బాకే వచ్చి, మళ్ళీ అందరికీ చాటింపై, మళ్ళీ వచ్చి... మన ఇళ్ళలో ఎవరన్నారో తెలియని మాట ఒకటి చుట్టూ తిరిగి రెట్టింపై మనకే వచ్చినట్టు. క్షణాల్లో అసలు కబురుకి చోటే మిగల్లేదు.

"ఇలాంటిది జరక్కుండా చూసుకునే స్విచ్చి ఉంటుందట. మేనేజ్డ్ స్విచ్చి అంటారుట. నువ్వు చదువుకున్నదానివి, చూసిపెట్టు" అంది వదిన. నేను చదివింది బి.ఎ. చరిత్ర. కనక స్విచ్చి కొనమంటే స్విచ్చి చరిత్ర చదవడం మొదలెట్టాను. వదిన ముక్కున వేలేసుకుంది.

అసలు మొదటి స్విచ్చి ఆడమనిషే. టెలిఫోను కొత్తలో ఎక్స్‌ఛేంజిలో మగపిల్లల్ని పెడితే వాళ్ళ దురుసుతనం భరించలేక, 1878లో బోస్టన్‌లో ఎమ్మా నట్ అనే ఆవిడని ఆపరేటర్‌గా పెట్టారు. తరువాత ఆ ఉద్యోగం ఆడవాళ్ళదే అయిపోయింది. ఎవరు ఎవరితో మాట్లాడాలన్నా మధ్యలో ఆవిడ చెయ్యి ఉండాలి. అమెరికాలో కాన్సాస్ సిటీలో ఆల్మన్ స్ట్రౌజర్ అని అంత్యక్రియల వ్యాపారం చేసుకునే ఆయనకి ఇది గిట్టలేదు. పోటీ వ్యాపారి భార్య ఎక్స్‌ఛేంజిలో కూచుని, తనకొచ్చే ఫోన్లన్నీ మొగుడికి కలిపేస్తోందని ఆయన అనుమానమట. ఆ మంటతో మనిషి లేకుండా తనంతట తానే కలిపే యంత్రం కనిపెట్టి 1891లో పేటెంటు తీసుకున్నాడు. మరుసటేడే ఇండియానా రాష్ట్రం లాపోర్ట్‌లో అది పనిలోకొచ్చింది. అమ్మాయిల్లేని, తిట్లు లేని టెలిఫోను అని గొప్పగా చెప్పుకున్నారు కూడా. ఒక్క ఆడమనిషి మీద అనుమానంతో ఎంత విద్య పుట్టిందో చూడండి!

మన దేశంలో అలాంటి ఆటోమేటిక్ ఎక్స్‌ఛేంజి మొదట సిమ్లాలో, 1913-14లో వచ్చింది. దొరల వేసవి విడిది కదా. మా ఊళ్ళాంటి వాటికి రావడానికి చాలా కాలం పట్టింది. నా చిన్నతనంలో, 1980ల చివర్లో, దూరానికి మాట్లాడాలంటే ట్రంకాలే. నాన్నగారు పోస్టాఫీసులో బుక్ చేసి, బల్ల మీద కూచుని గంటలు గంటలు ఎదురుచూసేవారు. తొందరైతే అర్జెంటు. ప్రాణం మీదికొస్తే లైట్నింగ్ కాలు, మామూలు రేటుకి ఎనిమిది రెట్లు. లైట్నింగ్ అన్నమాట వినపడితే చాలు, ఎవరు పోయారోనని అమ్మ వణికిపోయేది.

కొనుగోలు విషయంలో నాకు అక్కరకొచ్చిన చరిత్ర ఇక్కడుంది. ప్రభుత్వం 1964లో బెల్జియం కంపెనీతో ఒప్పందం చేసుకుని, పెంటాకాంటా అనే రకం ఎక్స్‌ఛేంజీలని బెంగుళూరు ఐ.టి.ఐ.లో తయారుచేయించింది. యంత్రం మంచిదే. కాని అది పుట్టిన దేశంలో ఇంటికో ఫోను. ఇక్కడ ఒక ఫోను మీద వీధంతా మాట్లాడుతుంది. కలవకపోతే మనం ఊరుకుంటామా, మళ్ళీ తిప్పుతాం, మళ్ళీ తిప్పుతాం. ఆ రద్దీకి అది చతికిలపడింది. మన ఇంజనీర్లు దాన్ని మన రద్దీకి తగ్గట్టు మళ్ళీ దిద్దుకోవలసి వచ్చింది. అత్తగారి కొలతలకి కుట్టిన జాకెట్టు కోడలికి పట్టలేదంటే తప్పు గుడ్డది కాదు కదా.

ఆ దెబ్బ తిన్నాకే 1984లో శాం పిట్రోడా ప్రోద్బలంతో సి-డాట్ పుట్టింది. ముప్ఫయ్యారు నెలల గడువు, 36 కోట్ల రూపాయల డబ్బు. వాళ్ళు పెద్ద నగరాల ఎక్స్‌ఛేంజితో ఆగకుండా, పల్లెటూరికి పనికొచ్చే చిన్నది ఒకటి చేశారు. 128 లైన్లు. ఏసీ అక్కర్లేదు. దుమ్ముకీ ఎండకీ ఓర్చుకుంటుంది. 1986లో కర్ణాటకలో కిత్తూరులో మొదటిది పెట్టారు. రాణి చెన్నమ్మ కిత్తూరే! ఆ తరువాత పల్లెల్లో ఫోను మోగిందంటే ఇలాంటి చిన్న పెట్టెల పుణ్యం చాలా ఉంది. దేశం నేర్చుకున్నది నేను కాగితం మీద రాసుకున్నాను: ఏసీ అడక్కూడదు, మన రద్దీకి ఆగాలి, చెడిపోతే మన ఊళ్ళోనే బాగుపడాలి.

ఇక కంప్యూటర్ల స్విచ్చి. మొదట్లో కంప్యూటర్లన్నీ ఒకే తీగ పంచుకునేవి, వీధికొక్క కుళాయిలా. తరువాతొచ్చిన హబ్ అనే డబ్బా దండోరా వేసే మనిషి లాంటిది. ఒకరి కబురు ఊరందరికీ వినిపిస్తుంది. స్విచ్చి అలా కాదు, పోస్టుమాను. ఎవరిల్లు ఎక్కడో గుర్తుపెట్టుకుని ఆ గడపలోనే వేస్తుంది. ఇలాంటి ఈథర్‌నెట్ స్విచ్చిని మొదట అమ్మకానికి తెచ్చిన కంపెనీ పేరేమిటో తెలుసా? కల్పన. నిజమండీ. అమెరికాలో వినోద్ భరద్వాజ్ అనే మనవాడు, లారీ బ్లేర్ కలిసి పెట్టారు. పేరు మాత్రం భరద్వాజ్ భార్యది. 1994లో సిస్కో దాన్ని కొనేసింది. పేరు భార్యది, కంపెనీ భర్తది, చివరికి రెండూ పోయి డబ్బాలు మిగిలాయి.

కాని మా వదిన బాధ తీర్చింది కల్పన కాదు, రేడియా పెర్ల్‌మన్. 1970లలో బడికి కూడా వెళ్ళని పసిపిల్లలకి కంప్యూటరు నేర్పే పద్ధతులు వెదికిన మనిషి. పసిపిల్లలతో పని అంటే తనని శాస్త్రవేత్తగా లెక్కచెయ్యరేమోనని తరువాత ఆ సంగతి చెప్పుకోవడానికి కూడా జంకిందట. ఏ దేశమైనా అంతే! 1985లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీలో ఆవిడ పై అధికారి, ఇలా కబుర్లు చుట్టూ తిరిగి ముంచెయ్యకుండా ఉపాయం చూడమని చెప్పి, తాను వారం రోజులు సెలవు మీద వెళ్ళాడు. ఆవిడకి ఆ రాత్రే తట్టింది. మిగిలిన వారంలో దాని మీద ఓ పద్యం కూడా రాసుకున్నానని ఆవిడే చెప్పుకుంది. ఉపాయం పేరు స్పానింగ్ ట్రీ. స్విచ్చులు తమలో తాము మాట్లాడుకుని, ఒకచోటికి రెండు దారులుంటే ఒకదాన్ని మూసి ఉంచుతాయి. తెరిచి ఉన్నది తెగితే మూసినదాన్ని తెరుస్తాయి. మాకు కావలసింది ఇదే.

విశాఖపట్నంలో ఒక కొట్టువాడు పెద్ద కంపెనీ పాత సరుకు చూపించాడు. ఏదో ఆఫీసులో పదేళ్ళు వాడి తీసేసినది. ధర చూస్తే నోరూరింది. కాని దాని ఫ్యాను మిక్సీలా అరుస్తోంది. పైగా ఆ మోడలుకి కొత్త సాఫ్ట్‌వేరు ఇవ్వడం కంపెనీ మానేసిందట. దొంగ తాళం కనిపెట్టినా మనం తాళం మార్చుకోలేమన్నమాట. ఇంకో కొట్లో పేరూ ఊరూ లేని చవక డబ్బా మీద మేనేజ్డ్ అని రాసుంది. లూపు ఆపుతుందా అంటే కుర్రాడు "అన్నీ చేస్తుంది మేడం" అన్నాడు. అన్నీ చేస్తుందంటే నాకు భయం. పెళ్ళిచూపుల్లో వినే మాట అది.

చివరికి కొత్తవి, ఫ్యాను లేనివి, బ్రౌజరులోంచి సరిచేసుకునే మధ్యరకం తీసుకున్నాం. ఇరవై నాలుగు కన్నాలది ఒకటి కాక, పదహారువి రెండు. ఒకటి పోతే సగం సెంటరైనా నడుస్తుందని వదిన లెక్క. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను మన జిల్లాలోనే తీరం దాటినప్పుడు కరెంటు పోవడమేమిటో, వచ్చేటప్పుడు ఎలా వస్తుందో చూసింది కదా. కాస్త ఎక్కువే అయింది ఖర్చు. అందులో సగం ఎర్తింగు సరిగ్గా వేయించడానికే పోయింది. ఆ ఖర్చు ఎవరూ ముందు చెప్పరు, మీరు మాత్రం ముందే వేసుకోండి. లెక్కల కంప్యూటరుని పిల్లల కంప్యూటర్ల నుంచి విడదీసి పెట్టాం. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డు మార్చి, వదిన కొత్తది పాలవాడి లెక్కల పుస్తకం చివరి పేజీలో రాసుకుంది.

బిగించిన రోజు రెండు డబ్బాల మధ్యా రెండు తీగలు వేసి, వదినే ఒకటి లాగేసింది. తెర మీద బొమ్మ ఒక్క క్షణం తటపటాయించి మళ్ళీ కదిలింది. తరువాత ఊడ్చే మనిషిని పిలిచి, ఓ తీగ రెండు కొసలూ ఆమె చేతికిచ్చి, "రెండూ దీన్లోనే పెట్టీ" అంది. ఆవిడ నా వైపు అనుమానంగా చూసి, పెట్టింది. ఒక దీపం పసుపుపచ్చగా మారింది. మిగిలిన కంప్యూటర్లు వాటి మానాన అవి నడుస్తూనే ఉన్నాయి.

"ఏటీ అవనేదేటమ్మా?" అంది ఆవిడ, కాస్త నిరాశగా.

వదిన అప్పటికే ఫోను తీసి, సంచీ సర్దుకుని వెళ్ళిపోయిన ఆ పిల్ల నంబరు వెదుకుతోంది.