పోస్టరు మీద ఓయివా ముఖం



గోడ మీద దయ్యం సినిమా పోస్టరు కనిపిస్తే పిల్లల కళ్ళు మూసి గబగబా నడిచిపోతాం కదూ! ఈవేళ అలాంటి ఒక బొమ్మ ముందు కాసేపు ఆగుదాం.

1959 జులైలో జపానులో షింతోహో కంపెనీవారు 'తొకాయిదో యొత్సుయా కైదాన్' అనే సినిమా విడుదల చేశారు. దర్శకుడు నకగావా నొబువో. అక్కడ దయ్యాల కథలకు ఎండాకాలమే అదను. ఒళ్ళు జలదరిస్తే చల్లగా ఉంటుందని వాళ్ళ చమత్కారం. ఈ కథతో అక్కడ ఎన్నో సినిమాలు వచ్చాయి. వాటి పోస్టర్ల మీద తరచుగా కనిపించేది ఒకామె. కన్ను వాచి, జుట్టు ఊడిన ఆడమనిషి. పేరు ఓయివా.

ఎవరీమె? పచ్చి బాలింత. భర్త ఇయెమోన్, కొలువు పోయిన యోధుడు. పొరుగింటి కలవారి పిల్ల అతని మీద మనసు పడింది. ఆ ఇంటివాళ్ళు బాలింత మందని చెప్పి విషం పంపారు. ఓయివా కృతజ్ఞతతో పుచ్చుకుంది. ముఖం వికారమైపోయింది. తల దువ్వుకుంటే జుట్టు కుచ్చులు కుచ్చులుగా చేతికొచ్చింది. ఆమె చనిపోయాక, భర్త ఆ శవాన్ని తలుపు చెక్కకు కొట్టించి ఏట్లో వదిలాడు. 1959 సినిమాలోనైతే విషమిచ్చేది కట్టుకున్నవాడే!

ఇది 1825లో, ఇప్పుడు టోక్యో అంటున్న ఎదో నగరంలో, నకమురా నాటకశాలలో ఆడిన కబుకి నాటకం. రాసినవాడు నాలుగో త్సురుయా నంబొకు. అప్పటికాయనకు డెబ్బై ఏళ్ళు. చిత్రమేమిటంటే, ప్రభువు కోసం ప్రాణాలిచ్చిన నలభై ఏడుగురు యోధుల నాటకంతో కలిపి దీన్ని ఆడారు. ఇయెమోన్ కూడా ఆ ప్రభువు కొలువువాడే. అక్కడ స్వామిభక్తి, ఇక్కడ ఇంటి ఇల్లాలికి విషం! 1830ల తొలినాళ్ళలో హొకుసాయి అనే చిత్రకారుడు ఓయివా ముఖాన్ని చిరిగిన కాగితం లాంతరుగా అచ్చువేశాడు. సినిమా పోస్టర్లకు అలాంటి అచ్చుబొమ్మలే పూర్వీకులు.

యొత్సుయాలో ఓయివా పేర గుడి ఉంది. అసలు ఓయివా భర్తతో అన్యోన్యంగా ఉండి, చితికిన సంసారాన్ని నిలబెట్టిన ఇల్లాలని అక్కడివారు చెబుతారు. ఈ కథ ఆడే నటులు ముందుగా వెళ్ళి ఆమెకు దణ్ణం పెట్టుకోవడం ఆనవాయితీ. ఆడదాని ఉసురు ఊరికే పోదని మనమూ అంటాం కదా!

ఆ ముఖం చూసి జడుసుకున్నవాళ్ళు లక్షలమంది. అది అలా కావడానికి కారకులెవరని కూడా అడగాలి. ఈసారి పిల్లలు "అమ్మా, అదేం దయ్యం?" అంటే కళ్ళు మూయకండి. మందని నమ్మి మోసపోయిన ఒక తల్లి అని చెప్పండి.