తీగ క్రింది చీకటి

మన భద్రాచలం మన్యమునకు విద్యుత్తు పరాయిది కాదు. నాడు ఖమ్మం జిల్లాలో నుండిన పొల్లూరు అడవిలోనే, 1976–78 నడుమ, 460 మెగావాట్ల దిగువ సీలేరు జలవిద్యుత్కేంద్రము వెలసినది. తీగలు దూరపు పట్టణములకు సాగిపోయినవి. అడవిలోని గూడెములకు చాలకాలము కిరసనాయిలు బుడ్డియే దిక్కయినది.

లెక్కలోని చిత్రము చూడుడు: 2004 నాటి నిర్వచనములో బడి, పంచాయతీ కార్యాలయము వంటి చోట్లతో పాటు నూటికి పది ఇండ్లు వెలిగిన చాలును, ఊరంతయు వెలిగినట్లే!

2017 సెప్టెంబరు 25న ఆరంభమైన సౌభాగ్య పథకము ఊరిని విడిచి ఇంటిని లెక్కకు దీసికొన్నది. 2022లో ముగిసిన ఆ పథకము క్రింద నిరుపేదలకు కనెక్షను ఉచితముగా నిచ్చిరి. స్తంభము చేరలేని ఇండ్లకు సౌరఫలకము, బ్యాటరీ, ఐదు దీపములు, ఒక పంకా ఇచ్చిరి.

అడవిలో తీగ లాగుటకు, 2006 అటవీ హక్కుల చట్టము ప్రకారము, గ్రామసభ సిఫారసుతో హెక్టారు లోపు భూమి పొందవచ్చును. కావున స్తంభము కోరువారి మొదటి అర్జీ గ్రామసభకే.