పెట్టెలో పిండి, ఎవరి వంట?

మొన్న సంక్రాంతికి విజయవాడ వెళ్ళినప్పుడు మా అక్క కూతురు ఒక కేకు మిక్స్ పెట్టె తెచ్చి నా ఒళ్ళో పడేసింది. "మామయ్యా, దీంతో కుకీలు చెయ్యి" అని ఆర్డరు. కేకు పెట్టెతో కుకీలేంటి అని మీకు అనుమానం రావచ్చు. ఏం లేదండీ, చాలా వీజీ. ఆ పెట్టెలో ఉండేది మైదా, పంచదార, బేకింగ్ పౌడరు, కాస్త వాసన. నీళ్ళు ఎక్కువ పోస్తే జారుగా అయ్యి కేకు అవుతుంది. నీళ్ళు మానేసి నూనె, గుడ్లు మాత్రమే వేస్తే గట్టి ముద్దవుతుంది, అదే కుకీ. అమెరికాలో పెట్టెకి అరకప్పు నూనె, రెండు గుడ్లు, 175 డిగ్రీల్లో పది నిమిషాలు. అంతే.

మాది ఎగ్‌లెస్ పెట్టె. కాబట్టి కరిగించిన వెన్న వేసి, ముద్ద కట్టేదాకా చెంచాతో పాలు పోశా. మా ఇంట్లో ఓవెన్ లేదు. కుక్కర్లో అడుగున ఉప్పు పోసి, గాస్కెట్టూ విజిలూ తీసేసి, పైన పళ్ళెం పెట్టి కాల్చా. వాయికి అయిదే పట్టాయి.

అంతా చూస్తూ కూచున్న మా అమ్మమ్మ అడిగింది: "పెట్టెలో పిండి కలిపితే అది వంటెట్లా అవుద్దిరా?"

నా దగ్గర సమాధానం రెడీగా ఉంది. ఆఫీసులో ఒక ట్రైనింగులో విన్న కథ. అమెరికాలో మొదట్లో కేకు మిక్స్ లో అన్నీ వేసేసి నీళ్ళు మాత్రం పొయ్యమన్నారట. ఆడవాళ్ళకి అది తమ వంటలా అనిపించక కొనలేదట. అప్పుడు ఎర్నెస్ట్ డిక్టర్ అనే సైకాలజిస్టు "గుడ్డు వాళ్ళనే కొట్టి వెయ్యనివ్వండి" అన్నాడట. అమ్మకాలు పెరిగిపోయాయట! యూజర్ కి కూడా కాస్త పని ఇవ్వాలి అనే నీతితో ఆ ట్రైనింగ్ ముగిసింది. నేనూ ఈ కథని పదిమందికి చెప్పా.

అమ్మమ్మ విని, "గుడ్డు కొడితేనే వంటైపోద్దా?" అని అటు తిరిగింది.

ఉక్రోషం వచ్చి రాత్రి కూచుని చదివితే తెలిసింది, ఆ కథ చాలావరకు ఉత్తిదే! పిట్స్‌బర్గ్ లో డఫ్ అండ్ సన్స్ అనే మొలాసిస్ కంపెనీ ఉండేది. మొలాసిస్ అంటే మన చెరకు మడ్డి లాంటిదన్న మాట. దాన్ని పిండితో కలిపి ఎండబెట్టి, నీళ్ళు కలిపితే చాలనే జింజర్‌బ్రెడ్ మిక్స్ కి జాన్ డఫ్ 1933లో పేటెంటు తీసుకున్నాడు. 1935లో వచ్చిన ఇంకో పేటెంటులో తాజా గుడ్లు ఇంట్లోనే వేసుకునే పద్ధతి పెట్టాడు, జనం అదే ఇష్టపడుతున్నారని కారణం కూడా రాశాడు. డిక్టర్ ఈ మిక్స్ ల గురించి మాట్లాడింది 1950లలో. అంటే ఆయన "కనిపెట్టిన" గుడ్డు అప్పటికే పదిహేనేళ్ళ పాతది! పైగా పొడి గుడ్లతో చేసిన కేకు రుచీ, మెత్తదనం రెండూ తక్కువే. జనం తాజా గుడ్డు అడిగింది మనసు బాధపడి కాదు, కేకు బాగుంటుందని.

ఇక్కడ నాకు కోపం తెప్పించిన విషయం ఒకటుంది. కేకు బాగోలేదని ఆడవాళ్ళు చెప్తే, దాన్ని "వాళ్ళకి అపరాధభావం" అని రాసుకున్నాం. బగ్ రిపోర్టు ఇస్తే యూజర్ సైకాలజీ అనేసినట్టు. మా టీములోనూ ఇలా చాలాసార్లు జరిగింది, నేనూ చేశాను.

మన దేశంలో కథ ఇంకోలా నడిచింది. 1963లో పుణెలో గిట్స్ మొదలైంది. బెంగుళూరు ఎంటీఆర్ వాళ్ళు ఎమర్జెన్సీ కాలంలో ధరల నియంత్రణ దెబ్బకి హోటలు మూసుకుని, ఇన్‌స్టంట్ పిండ్ల వైపు తిరిగారు. తర్వాత కేకు మిక్స్ వచ్చాక, అమెరికా వాడు చేర్చిన గుడ్డుని ఇక్కడ తీసేసి ఎగ్‌లెస్ అన్నారు, ఓవెన్ తీసేసి కుక్కర్ కేకు అన్నారు. ఎక్కడి వంటింటికి తగ్గట్టు అక్కడి పెట్టె.

అసలు కృష్ణా డెల్టా వరి నేల. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక మరీను. మన పిండివంటలన్నీ వేయించేవో, ఆవిరి మీద ఉడికించేవో, పాకం పట్టేవో. మైదా, ఓవెన్ మనింట్లో పుట్టినవి కావు. కానీ కుకీ అన్న మాట మనకి మరీ అంత దూరంది కూడా కాదు. అది డచ్చి మాట నుంచి వచ్చింది, చిన్న కేకు అని అర్థం. ఆ డచ్చివాళ్ళు 1605లోనే మన బందరులో వర్తకస్థావరం పెట్టారు, ఇంగ్లీషువాళ్ళ కంటే ఆరేళ్ళు ముందు. నాన్‌ఖటాయి కూడా సూరత్ లో డచ్చివాళ్ళు వదిలెళ్ళిన బేకరీలో పుట్టిందని చెప్తారు. మా అమ్మమ్మ పుట్టిల్లు బందరే :)

మర్నాడు పొద్దున అమ్మమ్మ దగ్గరికెళ్ళి, "నా కథ తప్పంట అమ్మమ్మా" అని ఒప్పేసుకున్నా. నవ్వి, తన కథ చెప్పింది. అమ్మ చిన్నప్పుడు సత్యనారాయణపురంలో ఉండేవాళ్ళు. వేసవి సెలవులొస్తే మైదా, పంచదార, డాల్డా సంచిలో పెట్టుకుని బేకరీకి తీసుకెళ్ళేదట. బేకరీ అతను కలిపి, కాల్చి ఇచ్చేవాడు. తన సరుకు మార్చేస్తాడేమో అని అక్కడే స్టూలు మీద కూచుని కాపలా! తెచ్చిన డబ్బాడు బిస్కెట్లని "ఇంట్లో చేయించిన బిస్కెట్లు" అనే పంచిపెట్టేది.

"మరి అప్పుడు కలిపిందీ కాల్చిందీ వాడేగా?" అన్నా.

"సరుకు నాది. ఏం పడిందో నాకు తెలుసు" అంది.

అప్పుడు అర్థమయింది నాకు. అప్పట్లో సరుకు మనది, పొయ్యి పరాయిది. ఇప్పుడు పొయ్యి మనది, సరుకు పరాయిది. అరిసెల పిండి కూడా మరలో ఆడించిందే కదా. మొత్తం పని ఒక్క మనిషే చెయ్యాలని అమ్మమ్మ ఎప్పుడూ అనలేదు. లోపల ఏముందో తెలియాలి అంటోంది. పెట్టె వెనక చీమతలకాయంత అక్షరాల్లో రాసింది ఆవిడకి కనపడదు. చదివి వినిపించా. సగం నాకే అర్థం కాలేదు.

ఇంకో సంగతి. ఈ ఏడాది మా ఇంట్లో అరిసెలు వండలేదు. అమ్మమ్మ చేతులు వణుకుతున్నాయి, పాకం చూసే ఓపిక అమ్మకి లేదు. స్వగృహ ఫుడ్స్ నుంచి కిలో తెచ్చాం. పేరు చూశారా, స్వగృహ! ఆవిడ అడిగిన ప్రశ్న నా కుకీల గురించి కాదేమో అని ఆలస్యంగా వెలిగింది.

అందుకే రెండో పెట్టె విప్పలేదు. మైదా, పంచదార పొడి, నెయ్యి, చిటికెడు వంటసోడా తెచ్చి అమ్మమ్మ ముందు పెట్టా. కొలత ఆవిడ చెప్పింది, కలిపింది పాప, కుక్కరు నేను చూసుకున్నా. మొదటి వాయి అడుగంటింది. రెండోది బాగానే వచ్చింది. అమ్మమ్మ ఒకటి టీలో ముంచుకుని తిని, "డాల్డా వాసనొక్కటే తక్కువ" అంది.

పాపకి మాత్రం పెట్టెవే నచ్చాయట.