గర్భసంచి

పల్నాటి పల్లెల్లో గర్భాశయానికి వాడుక మాట గర్భసంచి. సంస్కృత ‘గర్భ’ పక్కన తెలుగు ‘సంచి’ చేరిన మిశ్రసమాసం ఇది. గర్భాశయంలోని ‘ఆశయం’ అంటే నెలవు. జలాశయంలోనూ అదే అర్థం.

వాడుకలో ‘సంచి తీయించడం’ మామూలు మాటైపోయింది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో ఈ ఆపరేషన్ అయినవారు దేశంలో 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. ఇది కలవరపెట్టే తేడా.

సంచి తీయించుకోవడం వెనకున్న భయానికి కొంత కారణం ‘గడ్డ’ అన్న మాట. చీముగడ్డకూ క్యాన్సర్‌కూ గర్భసంచిలో పెరిగే ఫైబ్రాయిడ్‌కూ అదే పేరు. నిజానికి ఫైబ్రాయిడ్లు దాదాపు అన్నీ క్యాన్సర్ కానివే. బాధ పెట్టనివాటికి చికిత్సే అక్కర్లేదు. నెలసరిలో రక్తస్రావం ఎక్కువైతే ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు తగ్గిస్తాయి. హార్మోన్ లూప్ కూడా తగ్గిస్తుంది. అది ఉన్నంతకాలం గర్భం రాదు, తీస్తే మళ్లీ రావచ్చు. కోత లేకుండా అల్ట్రాసౌండ్ తరంగాలను గడ్డపై కేంద్రీకరించి, ఆ వేడితో కణాలను చంపే పద్ధతీ ఉంది. అది అన్ని గడ్డలకూ కుదరదు. పిల్లలు కావాలనుకునేవారు ముందే వైద్యులతో వివరంగా మాట్లాడాలి. ఆపరేషన్ తప్పనప్పుడు కూడా సంచిని ఉంచి గడ్డను మాత్రమే తీయవచ్చు. దాని పేరు మయోమెక్టమీ.