చెత్త పడే చోటు, దొరికే చోటు: విశాఖ నుంచి మాడుగుల దాకా ఒక పరిశీలన

2022 ఆగస్టు 26న విశాఖపట్నం తీరంలో భారీగా శుభ్రత కార్యక్రమం జరిగింది. దాదాపు 28 కిలోమీటర్ల మేర 76 టన్నుల ప్లాస్టిక్ వ్యర్థాలు ఏరినట్లు ప్రకటించారు. ఈ అంకె వినగానే బీచికి వచ్చే జనాన్ని తప్పుపట్టాలనిపిస్తుంది. కానీ ఏరిన చెత్త తూకాన్ని బట్టి ఎంత పేరుకుందో తెలుస్తుంది గానీ ఎవరు, ఎక్కడ పడేశారో తెలియదు. విశాఖ గెడ్డలు (వాగులు) కాలనీలనూ బజార్లనూ దాటి సముద్రంలో కలుస్తాయి. వీధిలో పడేసిన కవరు ఒక్క వానకు తీరం చేరవచ్చు.

అందుకే మనుషులు చెత్త పడేసే క్షణాన్నే గమనించిన అధ్యయనాలు విలువైనవి. మనస్తత్వ శాస్త్రవేత్త వెస్లీ షుల్ట్జ్ బృందం అమెరికాలో 130 బహిరంగ స్థలాల్లో 9,757 మందిని గమనించి 2013లో ఫలితాలు ప్రచురించింది. జనం చేతిలోది వదిలించుకున్న సందర్భాల్లో సుమారు 17 శాతం కింద పడేసినవే. అప్పటికే చెత్త ఉన్న చోట, కుండీ దూరంగా ఉన్న చోట ఇది పెరిగింది. 1990లో మరో మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ సియాల్డిని బృందం ప్రచురించిన ప్రయోగాల్లోనూ చెత్త నిండిన చోటే ఎక్కువమంది కరపత్రాలు పడేశారు.

అయితే షుల్ట్జ్ లెక్కలో, చెత్త పడేసే తీరులోని తేడాల్లో పరిసరాల వాటా సుమారు 15 శాతమే. మిగిలినది మనుషుల మధ్య తేడాలకు చెందుతుంది. కాబట్టి కుండీలు పెడితే చాలుననడం సరికాదు. కానీ అలవాట్లు మారడానికి ఏళ్లు పట్టవచ్చు, కుండీ చోటు రేపే మార్చవచ్చు.

ఈ ఫలితాలను మన వీధులకు యథాతథంగా వర్తింపజేయలేం. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరు 2న మొదలైన క్లీన్ ఆంధ్రప్రదేశ్ (క్లాప్) కార్యక్రమం ఇంటింటి సేకరణపై ఆధారపడింది. ఇంటి చెత్తకు అది తగిన మార్గం. కానీ టీ కొట్టు దగ్గర చేతిలో మిగిలిన కప్పుకు ఇంటింటికీ తిరిగే చెత్త బండి అందదు. 2016 ఘన వ్యర్థాల నియమాలు వీధి వ్యాపారులు చెత్తబుట్ట ఉంచుకోవాలని చెప్పాయి.

చిన్న ఊళ్ల సంగతి మళ్లీ వేరు. 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లాలో చేరిన మాడుగుల అలాంటి ఊరు. ఇక్కడ అమ్మే హల్వా డబ్బాలు ఊరు దాటాక ఖాళీ కావచ్చు. అప్పుడు ఆ చెత్త అమ్మిన చోట కాక తిన్న చోట తేలుతుంది. టీ కప్పులు, తినుబండారాల కవర్లు మాత్రం బజారులోనే మిగులుతాయి. అందువల్ల నగర విధానాన్ని ఇక్కడ దించేముందు కొలత కావాలి. బస్టాండు, కూరగాయల బజారు వంటి కొన్ని చోట్ల మామూలు రోజునా రద్దీ రోజునా ఒకే సమయంలో చెత్త లెక్కించాలి. తర్వాత దుకాణాల పక్కనే బుట్టలు పెట్టి, రద్దీకి ముందే ఊడ్చి, మళ్లీ లెక్కించాలి. ఏ మార్పూ చేయని చోట్లను పోలికకు ఉంచాలి.

జరిమానాలనూ నినాదాలనూ ఇదే కొలతతో పరీక్షించాలి. మనం పడేసినది తెల్లారేసరికి ఒక పారిశుద్ధ్య కార్మికురాలు వంగి ఎత్తాల్సిందే. ఆమె పని భారాన్ని నిజంగా తగ్గించిన పద్ధతికే ప్రజాధనం ఖర్చుచేయాలి.