నీలి యిచ్చిన పాలచెట్టు

నీలిమందు అనగానే మనవారికి వంగదేశపు తోటదొరలు, 1859 నాటి రైతుల తిరుగుబాటు, 1917లో గాంధీగారి చంపారన్ సత్యాగ్రహము జ్ఞప్తికి వచ్చును. మన కడప, నెల్లూరు మండలముల నీలియు పేరుపొందినదే. ఇవన్నియు నీలిమొక్క కథలు. మా సామల్పట్టి 1965 వరకు చేరియున్న సేలము జిల్లాలో చెట్టునుండియు నీలి తీసిరి.

అరవములో దానిని వెప్పాలై అందురు. మనకది అంకుడు, పాలకొడిసె. ఏటికొప్పాక లక్కబొమ్మలకు వాడునది ఈ కొయ్యయే. ఆకు తుంచిన పాలు కారును. ఆ ఆకులను కొబ్బరినూనెలో వేసి ఎండలో నుంచిన నూనె ఊదారంగు తిరుగును. సిద్ధవైద్యులు దానిని చర్మరోగములకు ఇత్తురు.

రాక్స్‌బరో అను స్కాట్లండు వైద్యుడు 1793లో కలకత్తా తోటకు పోవుటకు ముందు మన సామర్లకోటలో నుండి, ఈ యాకులనుండి నీలి తీసి చూచెను. మొక్కనీలి చన్నీటిలో నానిన చాలును. దీనికి వేడినీరు కావలెను. సామర్లకోట, సామల్పట్టి! పేర్లు వినుటకు ముచ్చటగా కలిసినవి. పందొమ్మిదవ శతాబ్దిలో సేలము వైపు చేసిన ఈ సరకునకు ‘పాల నీలి’ అని పేరు.

ఇక అద్దకము. నీలిముద్ద నీట కరుగదు. అందుకే మనవారు తగిరిస గింజలు ఉడికించి, సున్నము, చవుడు చేర్చి, కుండలో నీలిని పులియబెట్టిరి. అరవవారికిని ఆ గింజ తగరయే. పులిసిన నీరు పసుపుపచ్చకు తిరిగి, పైన రాగివన్నె తెట్టు కట్టును. నూలు ముంచి తీసినపుడు నీలముండదు. గాలి తగిలినకొలది ఆకుపచ్చయై, పిదప నీలమగును. చూచువారికి ఇంద్రజాలమే! ఎన్ని ముంపులో అంత ముదురు. చిరువేరు ఎరుపునకువలె పటికతో పనిలేదు. ఉన్నికి, పట్టునకు మాత్రము సున్నపు కారము ఎక్కువైన పోగు చెడును.

1880లో జర్మనీలో బేయరు పండితుడు నీలిని ప్రయోగశాలలో కూర్చెను. 1897లో అక్కడి కంపెనీ సరకు అంగడికి వచ్చెను. రంగుపదార్థము రెండింటను ఒక్కటే, చౌకయే గెలిచినది. చేలలో నీలిమొక్క తగ్గెను, చెట్టునీలి మాట మరుగుపడెను. చెట్టు మాత్రము అడవిలో నిలిచియున్నది.

కుండ పులిసినదని వాసనబట్టి, తెట్టుబట్టి చెప్పగల నేర్పు కాగితములపై దొరకదు. మన సంఘములోని చేనేత కుటుంబములలో తగిరిసకుండ పెట్టిన పెద్దలున్నచో, వారి కొలతలు వ్రాయించి పంపగోరుచున్నాము. వచ్చే యుగాది సంచికలో అచ్చువేయింతుము.