పరదేశపు తిరునాళ్లలో కొరియా కళలు

కొరియా దేశపు వాద్యములు, నాట్యములు, కథాగానములు పరదేశముల ఉత్సవములకు పోయి వచ్చిన చరిత్రను నేడు మీకు చెప్పదలచితిని. ఇల్లందు బొగ్గుగుట్టల నడుమ కూర్చుండి కొరియా ముచ్చట మన కేల యని పెద్దలు నవ్వవచ్చును. మేడారము జాతరకు పోవు త్రోవలో కోయవారి డోలు వినినవారికి ఆ ముచ్చట అంత పరాయిది కాదని నా నమ్మకము.

మన ఇల్లందులో బొగ్గు త్రవ్వకము 1889లో మొదలైనది. దానికి నాలుగేండ్ల పిమ్మట, 1893 మే 1వ తేదీన, అమెరికాలోని చికాగో నగరమున ఒక మహాప్రదర్శనము తెరువబడెను. కొలంబసు అమెరికాను చేరి నన్నూరేండ్లు నిండిన సంబరము అది. ఆరు నెలలు సాగినది. రెండున్నర కోట్లకు మించిన జనము చూచిరి. ఆ ప్రదర్శనమునకు అనుబంధముగా జరిగిన సర్వమత మహాసభలోనే, సెప్టెంబరు 11వ తేదీన, వివేకానందస్వామి ప్రసంగించిరి. అందుచేత చికాగో పేరు మన పల్లెలలోను వినబడినది. కాని స్వామి లేచి మాటాడుటకు నాలుగు నెలల ముందు, ప్రదర్శనము తెరచిన నాడే, కొరియా రాజు పంపిన పదిమంది వాద్యకారులు అక్కడ తమ సంగీతమును వినిపించిరన్న సంగతి మనలో ఎందరికి తెలియును?

అప్పుడు కొరియాను చోసన్ రాజ్యమనెడివారు. 1392 నుండి ఒకే వంశము ఏలుచుండెను. పరదేశీయులకు చిరకాలము తలుపులు మూసియుంచిన ఆ రాజ్యము, 1876లో జపాను యుద్ధనౌకలకు వెరచి తలుపు తెరచినది. 1882లో అమెరికాతో సంధి చేసికొన్నది. ఒక వైపున చీనా చక్రవర్తి, కొరియా నా సామంతరాజ్యమనుచుండెను. రెండవ వైపున జపాను కన్ను వేసి యుండెను. ఉత్తరమున రష్యా. మూడు పెద్దపులుల నడుమ చిక్కిన దుప్పి వంటి స్థితి. అట్టి వేళ గోజోంగ్ రాజు జంగ్ క్యోంగ్‌వన్ అను అధికారిని, వాద్యకారులను వెంట నిచ్చి, సముద్రముల కావలికి పంపెను. వైద్యుడుగా కొరియాకు వచ్చి దౌత్యోద్యోగియైన ఆలెన్ అను అమెరికను వారికి తోడైయుండెను. వినోదమున కింత వ్యయప్రయాసము లెవరు పడుదురు? మేము ఎవరి సామంతులమును కాము, మాదియు ఒక రాజ్యమే, మాకును ఒక జెండా కలదు, సంగీతము కలదు అని లోకమునకు చూపుటయే రాజు తలంపని నేననుకొందును.

మహాశాలలో ఒక మూల పెంకుటింటి వంటి చిన్న నిర్మాణము కట్టి వస్త్రములను, గృహోపకరణములను అందు పేర్చిరి. ఆరంభదినమున అమెరికా అధ్యక్షుడు క్లీవ్‌లాండు వచ్చినప్పుడు వాద్యకారులు వాయించిరి. కొరియా ఆస్థానసంగీతము మిక్కిలి నెమ్మదియైనది. ఏనుగు అంబారీతో నడచినట్లుండును. రైలుకూతలకును, విద్యుద్దీపములకును ఉప్పొంగుచున్న ఆ జనసమ్మర్దములో దాని నెంతమంది చెవియొగ్గి వినిరో ఊహింపవచ్చును. కొద్ది దినములకే వాద్యకారులు స్వదేశమునకు మరలిరి. వారి వాద్యములు మాత్రము మరలలేదు. అవి సేలం అను పట్టణమందలి మ్యూజియమునకు చేరి అద్దాల పెట్టెలలో నిలిచిపోయెను. 2013లో, నూటయిరువది యేండ్లకు, వాటిని సియోలు నగరమునకు తెప్పించి ప్రజలకు చూపించిరి. స్వంత యింటికి చుట్టపుచూపుగా వచ్చినవన్నమాట.

1897లో గోజోంగ్ తన్ను చక్రవర్తిగా ప్రకటించుకొనెను. 1900లో పారిసు ప్రదర్శనమునకు కొరియా మరల పోయినది. ఈ పర్యాయము రాజసభామండపము పోలికలో ప్రత్యేకముగా ఒక మంటపమే కట్టిరి. 1377లో లోహపు అచ్చులతో ముద్రింపబడిన ‘జిక్జి’ అను బౌద్ధగ్రంథమును అచ్చట ఉంచిరి. ఐరోపాలో గూటెన్‌బర్గు బైబిలును ముద్రించుటకు డెబ్బదేండ్లకు పైగా ముందటి పొత్తమది! అయినను అప్పుడు దానిని గుర్తించిన వారరుదు. నేడది ఫ్రాన్సువారి జాతీయ గ్రంథాలయములో నున్నది.

ఇంకొక రకపు ప్రదర్శనమును గూర్చి చెప్పుట కష్టముగా నున్నను చెప్పవలసినదే. 1903లో జపానులోని ఒసాకా నగరమున ఒక మహాప్రదర్శనము జరిగెను. దాని చెంత ‘మానవశాల’ యని యొకటి పెట్టి, అందు వేర్వేరు జాతుల మనుష్యులనే తెచ్చి కూర్చుండబెట్టి, టిక్కెట్టు పెట్టి చూపిరి. వారిలో కొరియావారును ఉండిరి. కొరియనులు నిరసింపగా వారిని తీసివేసిరి. పదేండ్ల క్రిందట చికాగోలో రాజు పంపగా వాద్యములు పట్టి నిలిచిన జాతియే ఇచ్చట వస్తువుగా నిలుపబడినది. తిరునాళ్లకు పోవుట వేరు, తిరునాళ్లలో పెట్టబడుట వేరు.

1905లో కొరియా జపాను రక్షణలోనికి పోయినది; 1910లో స్వాతంత్ర్యమే పోయినది. ఆ చీకటికాలమున ఒక నర్తకి కథ కలదు. ఆమె పేరు చోయి సుంగ్‌హీ. 1937 చివర బయలుదేరి, 1940 వరకు అమెరికాలోను ఐరోపాలోను కొరియా పోకడల నృత్యములాడి పేరొందినది. కాని అధికారపత్రములలో ఆమె జపాను ప్రజ. గోడపత్రికలపై ఆమె పేరును జపాను ఉచ్చారణలో ‘సాయి షోకి’ యని వ్రాసిరి. కొరియా నర్తకినని ఆమె ప్రకటించుకొన్నందుకు జపానువారు అనుమానించిరి. జపాను పేరుతో ఆడుచున్నదని ప్రవాసులైన కొరియనులు కోపించిరి. కాలు ఒకటే, అందె ఒకటే. అది ఎవరి అందె యన్నదానిపై ఇంత తగవు. 1946లో ఆమె ఉత్తర కొరియాకు పోయెను. 1967 ప్రాంతమున అచ్చటి ప్రభుత్వపు ఆగ్రహమునకు గురియై మరుగుపడి, 1969లో మరణించెను.

దేశము రెండుగా చీలుట, 1950 నుండి 1953 వరకు జరిగిన యుద్ధము మీకు తెలిసినవే. మన దేశపు సైనిక వైద్యదళము కూడ అచ్చటికి పోయి క్షతగాత్రులకు సేవ చేసినది. ఆ బూడిదలోనుండి లేచుచు దక్షిణ కొరియావారు చేసిన యొక పని నాకు మిక్కిలి నచ్చినది. 1962లో ఒక చట్టము చేసిరి. దానిననుసరించి, ఒక కళను సంపూర్ణముగా ఎరిగిన పెద్దను ప్రభుత్వము గుర్తించి నెలనెలకు భృతి ఇచ్చును. ఆయన శిష్యులకు నేర్పి తీరవలెను. గుడిని, కోటను కాపాడినట్లే పాటను కూడ కాపాడదగిన ఆస్తిగా ఎంచుట ఇందలి విశేషము.

అట్లు నిలిచిన వానిలో ‘పాన్సోరి’ యొకటి. చేత విసనకఱ్ఱ పట్టిన గాయకుడొకడు, పక్కన డోలు పట్టిన వాడొకడు, అంతే పరివారము. గాయకుడు కథను పాడును, మాటలు చెప్పును, ఏడ్చును, నవ్వించును. డోలువాడు నడుమ నడుమ ‘భళా’ యన్నట్లు కేకవేయును. మన ఒగ్గుకథ, బుర్రకథ వినినవారికి ఇంతకంటె వివరింప నక్కఱలేదు. ఒక కథ పూర్తిగా పాడిన గంటల తరబడి సాగును. పూర్వము పండ్రెండు కథలుండెడివి; నేడు అయిదు మాత్రమే మిగిలినవి. 2003లో ఐక్యరాజ్యసమితి విద్యాసాంస్కృతిక సంస్థ దీనిని మానవజాతి వారసత్వముగా ప్రకటించినది.

రెండవది ‘నోంగక్’. అనగా రైతుల సంగీతము. నాట్లకు, కలుపులకు, పండుగలకు ఊరివారు చిన్న కంచుపళ్లెము, పెద్ద కంచుజేగంట, డోలు, నడుమ సన్ననై డమరుకమును పోలిన జాంగు అను వాద్యము పట్టి, ఆడుచు పాడుచు ఊరు తిరిగెదరు. 1978లో సియోలులోని ఒక చిన్న నాటకశాలలో కిమ్ డుక్‌సూ మున్నగు నలుగురు ఆ నాలుగు వాద్యములను మాత్రమే తీసికొని, కూర్చుండి వాయించిరి. ‘సముల్‌నోరి’ యని దానికి పేరు. నాలుగు వస్తువుల ఆట యని అర్థము. 1982లో అమెరికాలోని డల్లసునందు జరిగిన తాళవాద్యకారుల మహాసభలో వారు వాయించిరి. అటుపిమ్మట ఆ వాద్యము ఖండఖండాంతరముల ఉత్సవములలో మ్రోగినది. అయితే పొలము గట్టు, నడక, గుంపు, దేవర కొలుపు వెనుకనే మిగిలిపోయినవి. ఇది లాభమా నష్టమా యని కొరియాలోనే పెద్దలు వాదులాడుకొనుట కలదు. ఇంటిలో నోంగక్ జీవించి యున్నంతకాలము బయట సముల్‌నోరి వలన హాని లేదని నా యభిప్రాయము. ఆ రైతుల సంగీతమునకును 2014లో ప్రపంచ గుర్తింపు లభించినది.

ఇక మన యడవి వైపు చూతము. అడవిదున్న కొమ్ములు తలకు ధరించి, నెమలియీకలు చెక్కి, డోళ్లు కొట్టుచు కోయపురుషులు, చేతులు పెనవేసికొని కోయస్త్రీలు ఆడు ఆటను భద్రాచలము మన్యమున చూడనివారుండరు. దానిని పట్టణముల సభలకును పిలుచుచున్నారు. గొప్పవారు వచ్చినపుడు బాట ప్రక్కన ఎండలో కొమ్ములు కట్టించి నిలుపుటయు కలదు. అతిథి కారు దిగి నాలుగడుగులు నడచునంత సేపే ఆట. ఒసాకా మాట నాకు అప్పుడు జ్ఞప్తికి వచ్చును.

మణుగూరు మండలము కూనవరమున సకిని రామచంద్రయ్య అను డోలీ కళాకారుడుండెను. కోయవారి ఇలవేల్పుల కథలను, వంశములను, సమ్మక్క సారలమ్మల వృత్తాంతమును కోయభాషలోను తెలుగులోను పాడగల దిట్ట. 2022లో భారత ప్రభుత్వము ఆయనను పద్మశ్రీతో గౌరవించినది. 2024లో ఆయన కాలధర్మము నొందెను. గోత్రమునకొక కథ, కథకొక పడిగె, అనగా బొమ్మల గుడ్డ. ఆ బొమ్మను చూచి కథను విప్పి చెప్పుట డోలీల వంశవిద్య. కొరియాలో 1962 నాడు వలె, శిష్యుని పక్కన కూర్చుండబెట్టుకొని నేర్పుటకు మన వైపు డోలీలకు నెలభృతి కావలసియున్నది.

మీ గూడెములలో గాని, పొరుగు గూడెములలో గాని పడిగె కలిగిన డోలీ ఉన్నయెడల, ఈ మాఘమాసమున కొలుపు జరుగునప్పుడు ఒక రాత్రి పూర్తిగా కూర్చుండి వినుడు. సగములో లేవకుడు, తెల్లవారుజామున గాని అసలు కథ రాదు.